సేవానియమముగా ధ్యానము: వియత్నాము యువసేవకుల చరిత్ర

ధ్యానము మనుజుని లోకమునుండి విముఖుని గావించుననియు, సంఘసేవ లోకాభిముఖుని గావించుననియు, ఈ రెంటికిని పొత్తు కుదరదనియు తలచువారు పెక్కురు గలరు. సంఘన్యాయమునకై పాటుపడువానికి ధ్యానము పలాయనమే యని కొందఱును, అలసినవానికి కొంతసేపు విశ్రాంతి మాత్రమే యని మఱికొందఱును చెప్పుదురు. ఈ రెండభిప్రాయములును పరీక్షింపదగినవి. ఇట్టి పరీక్షకు ఊహకంటె చరిత్ర యెక్కువ తోడ్పడును. ఇరువదవ శతాబ్దమున వియత్నాములో, యుద్ధమధ్యమున సేవచేసిన బౌద్ధయువజనుల వృత్తాంతము అందులకు తగిన యుదాహరణము.

ముందుగా పదమును గూర్చి యొకమాట. సంస్కృతమునందలి ధ్యానశబ్దము చీనాభాషలో ‘చాన్’ అయి, వియత్నాములో ‘థియెన్’ గను, జపానులో ‘జెన్’ గను మాఱినది. ఆ శాఖవారి యాచార్యపరంపరలో నాగార్జునుడు పదునాల్గవవాడుగా గణింపబడుచున్నాడు. సంప్రదాయము శ్రీపర్వతముతో ముడివెట్టిన యీ యాచార్యుడు శాతవాహనప్రభువునకు వ్రాసినదిగా ప్రసిద్ధమైన ‘రత్నావళి’ యందు శూన్యతావిచారముతోపాటు రోగులను, అంధులను, దీనులను ఆదరింపవలెనను రాజధర్మోపదేశమును గలదు. అనగా చిత్తశిక్షయు పరోపకారమును ఈ సంప్రదాయమున మొదటినుండియు వేఱు కావు. వియత్నామువారు నడచిన బాట క్రొత్తది కాదు. నడచిన కాలము మాత్రము మిక్కిలి కఠినమైనది.

థిక్ నాట్ హాన్ 1926లో జన్మించి, పదునాఱవయేట హ్యూ నగరము చెంతనున్న తూ హియూ విహారమున చేరెను. ‘థిక్’ అనునది శాక్యశబ్దమునకు వియత్నాము రూపము. అచటి భిక్షువులు దానిని తమ పేరునకు ముందు ధరింతురు. ఆయన 1965లో సైగానునందు యువజన సాంఘికసేవా విద్యాలయమును నెలకొల్పెను. అందు శిక్షణ పొందినవారు గ్రామములకేగి బడులను, వైద్యశాలలను ఏర్పఱచిరి. బాంబులచే కూలిన యిండ్లను మరల గట్టిరి. వారు పోరాడు పక్షములలో దేనియందును చేరలేదు. ఆ కారణముననే ఇరుపక్షములవారికిని అనుమానపాత్రులైరి. 1967 జూలైలో విద్యాలయసేవకులు నలుగురు సైగాను నదీతీరమున కాల్చి చంపబడిరి.

ఇట్టి పరిస్థితులలో, 1966 ఫిబ్రవరిలో ‘తియెప్ హియెన్’ అను సంఘ మేర్పడెను. అందలి మొదటిపదమునకు సంబంధము, కొనసాగింపు అనియు, రెండవదానికి ఇక్కడనే యిప్పుడే సిద్ధింపజేయుట యనియు అర్థములు. తొలుత దీక్షగొన్నవారు ఆర్గురు: స్త్రీలు ముగ్గురు, పురుషులు ముగ్గురు. సంఘమునకు పదునాలుగు నియమములు గలవు. ఏ సిద్ధాంతమునైనను, తుదకు బౌద్ధమునైనను, విగ్రహమువలె కొలువరాదనుట మొదటి నియమము. దుఃఖితులనుండి ముఖము త్రిప్పుకొనరాదనుట వేఱొకటి. శ్వాసయందు ఎఱుక నిలిపి చిత్తము చెదరకుండ కాపాడుకొనవలెననుట మఱియొకటి. ఈ మూడును ఒకే పట్టికలో నుండుట గమనింపదగినది. ఆ యార్గురును వారమునకొక దినము కలిసి ధ్యానమున గడిపెడివారు. ధ్యానము సేవనుండి సెలవుగా గాక, సేవానియమములలోనే యొకటిగా నిర్ణయింపబడెను.

1966లో శాంతిప్రబోధమునకై అమెరికాకేగిన థిక్ నాట్ హాన్‌కు స్వదేశద్వారములు మూసికొనెను. ఆ యేటనే షికాగోలో ఆయన మార్టిన్ లూథర్ కింగును కలిసికొనెను. కింగు 1967లో ఆయన పేరును నోబెల్ శాంతిబహుమానమునకు ప్రతిపాదించెను. ప్రవాసమునుండి 1974లో విద్యాలయమునందలి యొక సహచరునకు ఆయన వ్రాసిన దీర్ఘలేఖయే తరువాత ‘ద మిరకిల్ ఆఫ్ మైండ్‌ఫుల్‌నెస్’ అను గ్రంథమై ప్రసిద్ధి కెక్కెను. గిన్నెలు కడుగునపుడు కడుగుటయందే మనస్సు నిలుపుట, శ్వాసను లెక్కించుట, వారమున నొక దినమును ఎఱుకకై ప్రత్యేకించుకొనుట అందలి విషయములు. వినుట కివి స్వల్పములు. కాని లేఖ యెవరికి వ్రాయబడెనో మఱవరాదు. వారు మిత్రులను పోగొట్టుకొన్నవారు, మృత్యుభయముతో పనిచేయువారు. అట్టివారిలో చంపినవారిపై ద్వేషము పుట్టుట సహజము. శ్వాస నెమ్మదించిన క్షణమున ఉద్రేక మొకింత తగ్గును. మాటను, చేతను ఎంచుకొనుటకు ఎడము దొరకును. సేవకునకు కావలసిన బలము ఆ యెడమే.

ఇట్లని ధ్యానము సర్వరోగనివారిణి యనరాదు. అది నదీతీరమున ఆ నలుగురి ప్రాణములను కాపాడలేదు. తొలి యార్గురిలో నొకతెయగు న్యాట్ చి మై 1967 మే 16వ తేదీన, శాంతిని కోరుచు, సైగానులోని యొక విహారమున ఆత్మాహుతి గావించుకొనెను. ఆమె తనముందు అవలోకితేశ్వర ప్రతిమను, మేరీమాత ప్రతిమను నిలుపుకొనెను. ఇది ద్వేషరహితమైన చిత్తమునకు గుర్తా, భరింపరాని వేదనకు గుర్తా? ధ్యానమహిమను మాత్రమే కీర్తించు రచనలు ఈ ప్రశ్నను దాటవేయును. చరిత్రకారుడు దాటవేయరాదు. 1975లో యుద్ధము ముగిసిన పిదప విద్యాలయమును మూతవడెను.

అయినను ఆ సాధన నిలిచినది. ఆర్గురిలో మఱియొకతెయగు చాన్ ఖోంగ్ ఆయనతో కలిసి 1982లో దక్షిణ ఫ్రాన్సునందు ‘ప్లమ్ విలేజ్’ ఆశ్రమమును స్థాపించెను. వియత్నాములో పోరాడిన అమెరికా సైనికులలో కొందఱు తరువాతికాలమున ఆయనవద్దనే ధ్యానము నభ్యసించిరి. కూలిన గ్రామములను గట్టినవారి సాధన, ఆ యుద్ధమున ఆయుధము పట్టినవారి గాయమునకును మందైనదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? థిక్ నాట్ హాన్ 2022 జనవరిలో, తాను బాల్యమున ప్రవేశించిన తూ హియూ విహారముననే కన్నుమూసెను.

నేడు ఈ పద్ధతి కార్యాలయములలోను, ఆసుపత్రులలోను ఒత్తిడి తగ్గించు సాధనముగా వ్యాపించినది. దాని యుపయోగమును కాదనలేము. కాని శ్వాసనియమమును మాత్రము గైకొని, దుఃఖితులనుండి ముఖము త్రిప్పుకొనరాదను నియమమును విడిచినచో, మిగులునది ఆ పదునాలుగింటిలో నొకటియే. అట్లే, దుఃఖితులకై పాటుపడువారు శ్వాసనియమమును విడిచినచో, వారి శ్రమ అలసటగనో ద్వేషముగనో పరిణమించు నపాయము గలదు. పరిశోధకులు ఈ రెండు నియమములను కలిపి చదువుట యుక్తము. అవి కలిసియే పుట్టినవి.