తుంగభద్ర జలాశయంలో శరత్కాలపు చేపల వేట

ఆశ్వయుజ కార్తీక మాసాలలో తుంగభద్ర జలాశయపు ఒడ్డున నిలిచి చూచినవారికి, శ్రావణంలో చూచిన నీరు ఇదేనా అన్న సందేహం కలుగుతుంది. పశ్చిమ కనుమల నుండి దిగివచ్చిన ఎర్రని వరదనీరు తన ఒండ్రును అడుగుకు దించి తేటపడుతుంది. నైరుతి గాలి తగ్గి అలలు సద్దుమణుగుతాయి. హోస్పేట, కొప్పళ ప్రాంతాల బెస్త కుటుంబాలకు మంచి వేట దొరికే కాలం ఇది. రాబోయే ఏటి వేట ఎట్లా ఉండబోతున్నదో నిర్ణయమయ్యే కాలం కూడా ఇదే. ఈ రెండవ సంగతిని మనవారు అంతగా తలచరు.

ఈ ఆనకట్టకు నాటి మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు కలిసి 1945లో శంకుస్థాపన చేశాయి. 1953 నాటికి నీరు నిలిచింది. ఇక్కడి నుండి సాగే ఎగువ, దిగువ కాలువలు అనంతపురం, కర్నూలు సీమలకు తుంగభద్ర నీటిని అందిస్తున్నాయి. పూర్తి మట్టమైన 1,633 అడుగులకు చేరినప్పుడు నీరు దాదాపు 378 చదరపు కిలోమీటర్ల మేర పరచుకుంటుందని లెక్క. మొదట సుమారు 133 టి.ఎం.సీ.లుగా ఉన్న నిల్వ సామర్థ్యం పూడిక వల్ల క్రమంగా తగ్గి, 2016 నాటి సర్వే ప్రకారం 105.8 టి.ఎం.సీ.లకు దిగింది. ఈ అంకెలను బట్టి చూస్తే నిండు నీటిలో కూడా సగటు లోతు ఎనిమిది, తొమ్మిది మీటర్లే. వ్యవసాయదారునికి ఇది నష్టమే. అయితే లోతు తక్కువైన విశాలజలాలలో ఒడ్డు వెంబడి ఎండ అడుగుదాకా చేరుతుంది, గాలి నీటిని కలియబెడుతుంది, చేపకు మేత సమృద్ధిగా పుడుతుంది.

శరత్తులో చేప ఒడ్డుకు రావడానికి మరొక కారణం ఉన్నది. వేసవిలో నీరు వెనుకకు తగ్గినప్పుడు బయటపడిన నేలలో గడ్డీ, తుప్పలూ మొలుస్తాయి. వరదకు ఆ పచ్చికంతా మునిగి కుళ్ళనారంభిస్తుంది. పురుగులు, వానపాములు, నాచు అక్కడ పుష్కలం. జలాశయం నిండని ఏట ఈ విందు తగ్గుతుంది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గేట్ల భద్రత దృష్ట్యా మరుసటి సంవత్సరం నీటిని సుమారు 80 టి.ఎం.సీ.లకే పరిమితం చేశారు. గేటు మరమ్మతు వార్తలలో ఆయకట్టు రైతు కనిపించినంతగా వలవాడు కనిపించలేదు.

ఇక చేపల సంగతి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు జలాశయంలో వదలిన పిల్లల వల్ల వృద్ధి అయ్యేవి. ఇవి వరదవేళ పారే నీటిలో గుడ్లు పెట్టే జాతులు, నిలువనీటిలో సాధారణంగా పెట్టవు. అందుచేతనే ఆనకట్ట వద్ద తుంగభద్ర బోర్డు వారి చేపపిల్లల క్షేత్రం వంటివి అవసరమైనాయి. నదికి సహజమైన వేట చేపలలో ముఖ్యమైనవి వాలుగ, జెల్లలు, కొరమీను, పూమీను. వాలుగను కన్నడిగులు బాళె అంటారు. గంగావతి, సింధనూరు వైపు క్యాంపులలో స్థిరపడిన కోస్తావారు, తీరాన పుట్టిపెరిగిన బళ్ళారి తెలుగువారు ఒకే చేపను వేర్వేరు పేర్లతో అడగడం సంతలో తరచూ వినిపించేదే.

గాలం వేసేవారికి శరత్తు ఉదయ సాయంకాలాలు అనుకూలం. వాలుగ పగలు లోతు మడుగులలో, బండల నీడలలో పడి ఉండి, పొద్దు వాలిన తరువాత చిన్నచేపల గుంపులను వెంబడిస్తూ ఒడ్డువైపు వస్తుంది. దానికి చిన్నచేపే తగిన ఎర. దాని నోరు పెద్దది, పళ్ళు పదునైనవి గనుక గాలానికి పైన కొంత మేర తీగ కట్టడం వాడుక. కొరమీను మార్గం వేరు. అది గాలి పీల్చే చేప. తుప్పలూ తామరలూ ఉన్న అర మీటరు నీటిలో కదలక ఉండి, ఊపిరికి పైకి వచ్చినప్పుడు బుడగతో తన ఉనికి చెబుతుంది. కప్పను ఎరగా ఆ పచ్చిక అంచున జారవిడిస్తే చాలు. ఒక్క నియమం మాత్రం పాటించవలసి ఉన్నది. నీటిపై ఎర్రని పిల్లల ముద్ద కదలుతూ కనిపిస్తే దాని క్రిందనే తల్లిచేపో తండ్రిచేపో కావలి ఉంటుంది. ఆ పెద్దచేపను పడితే ఆ పిల్లలన్నీ పక్షులకూ, ఇతర చేపలకూ ఆహారమైపోతాయి.

వలల విషయం మరింత గంభీరమైనది. పుట్టిలో పోయి సాయంకాలం నీటిలో తెరవలె నిలిపి తెల్లవారి ఎత్తుకునే వలలో చేప మొప్పల వద్ద చిక్కుతుంది. కన్ను పెద్దదైతే పిల్లచేప దాటిపోతుంది. అలివి వల అట్లా కాదు. వందల మీటర్ల పొడవుండి, నడుమ దోమతెర వంటి సన్నని కన్నుతో, ఒక పెద్ద జట్టు ఒడ్డు నుండి రెండు కొసలనూ లాగే వల ఇది. నీటి అంచునున్న సమస్తమూ దానిలోనికి వస్తుంది. తుంగభద్రలోనూ, కృష్ణ మీది జలాశయాలలోనూ దీనిపై మత్స్యశాస్త్రజ్ఞులు ఏనాటి నుండో అభ్యంతరం చెబుతున్నారు.

అభ్యంతరం చిన్నచేపల మీద కాదు. పరిగె వంటివి ఎంత పెరిగినా చిన్నవే, వాటిని పట్టడంలో దోషం లేదు, పేదవాని కంచంలోని ఎండుచేప అదే. అయితే ఆ అక్టోబరు నెలలోనే, ఆ గడ్డి అంచునే, వేలెడు పొడవున్న బొచ్చె, శీలావతి పిల్లలు కూడా మేస్తూ ఉంటాయి. వలకు ఆ భేదం తెలియదు. ఒక కిలో పిల్లచేపలంటే పది గ్రాముల చొప్పున నూరు. వాటిలో పదింట ఒకటే బ్రతికిందనుకున్నా, ఒక్కొక్కటి మరుసటి శరత్తుకు అర కిలోకు పెరిగితే ఐదు కిలోలు. వదిలిన పిల్ల ఎవరి వలలో పడుతుందో తెలియదు కదా అని అలివి జట్టువారు అడిగే మాట తీసివేయదగినది కాదు. అందుకే ఒక్కడు మానితే చాలదు, ఒడ్డున ఉన్న ఊళ్ళన్నీ సహకార సంఘాల ద్వారా ఒక కట్టుబాటుకు రావాలి. పైపెచ్చు ఈ నెలల్లో తిరుగు వానలు పడితే ఒడ్డున ఆరవేసిన సన్నచేప కుళ్ళి పారవేయవలసి వస్తుంది. పట్టినవానికి దక్కదు, నీటికీ తిరిగి రాదు.

వల వేయడానికి అనుమతిపత్రం కావాలి. సరదాకు గాలం వేయదలచినవారు కూడా ముందుగా స్థానిక మత్స్యశాఖ కార్యాలయంలో విచారించుకోవడం మేలు. ఆనకట్ట దిగువన ముద్లాపురం నుండి కంప్లి వరకు 34 కిలోమీటర్ల నదిని 2015లో నీటికుక్కల సంరక్షణకై ప్రత్యేకించారు. అక్కడి బండల మడుగులలో మందుగుండు పేల్చి చేపలు పట్టడం నేరమే కాక ప్రాణాంతకం. మొసళ్ళూ ఉన్నాయి. గేట్లు ఎత్తితే నీరు చెప్పిరాదు. పుట్టి గుండ్రని పడవ, గాలికి తిరుగుతుంది. అందులో పిల్లలను కూర్చోబెట్టుకుని వల ఎత్తే అలవాటు కొన్ని ఊళ్ళలో ఇంకా ఉన్నది, అది మానవలసినదే.

కొన్ని సంవత్సరాలలో శరత్తు చివర నీరు చిక్కని పచ్చరంగుకు మారుతుంది. ఇది నీలిపచ్చ నాచు. అటువంటి నీటిని పశువులకు త్రాగించరాదు, తేలిన చేపను వండరాదు.

మార్గశిరం నాటికి కాలువల వాడకంతో మట్టం దిగుతుంది. గడ్డి అంచు ఎండి, చేప పాత నదీగర్భం వైపు జరుగుతుంది. వలలూ దాని వెంట నడుమకు పోతాయి. అక్కడ మునిగిన ఊళ్ళ గోడలకూ, మోడులకూ వల తగిలి చినగడం మొదలవుతుంది. పగలంతా ఒడ్డున కూర్చుని వల కుట్టుకునేవారు అప్పుడే ఎక్కువగా కనిపిస్తారు.