రాత మిగలాలంటే మనిషి మిగలాలి

భండారు అచ్చమాంబ గురించి మాట్లాడినప్పుడల్లా మనం ఒక మాట అలవాటుగా అంటాం: ఇల్లు చూసుకుంది, సంఘసేవ చేసింది, రాసింది కూడా. ఆ ‘కూడా’ అన్న మాట నన్ను చాలాకాలంగా గుచ్చుతోంది. కాలేజీలో పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి వంటచేసి, పిల్లలు పడుకున్నాక థీసిస్ రాసుకున్నదాన్ని. ఆ చిన్న మాట వెనక ఎంత చాకిరీ దాగుంటుందో నాకు తెలుసు.

అచ్చమాంబ 1874లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు, చిన్నతనంలోనే పెళ్ళయింది. భర్త మాధవరావు ఉద్యోగరీత్యా ఆనాటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కాపురం. బడి మొహం చూడలేదు. తనకంటే మూడేళ్ళు చిన్నవాడైన తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె ఇంట్లో ఉండి చదువుకుంటూ అక్కకి చదువు చెప్పాడు. ఆమె తెలుగుతో ఆగకుండా హిందీ, మరాఠీ వంటి భాషలూ నేర్చుకుంది. ఇక్కడొక సంగతి గమనించాలి. తమ్ముడి చదువుకి అక్క ఇల్లు ఆసరా అయింది, అక్క చదువుకి తమ్ముడి పుస్తకాలు ఆసరా అయ్యాయి. చరిత్ర మాత్రం రెండోదాన్నే ఉపకారంగా రాసుకుంది. మొదటిది ఇల్లాలి ధర్మం కింద జమైపోయింది.

కన్న బిడ్డలు దక్కలేదు. ఆ దుఃఖంలోనే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. మొదటి భాగం 1901లో వచ్చింది. స్త్రీలు స్వభావతః తెలివితక్కువవాళ్ళనీ, చదివితే చెడిపోతారనీ అనేవాళ్ళకి చరిత్రలోంచి స్త్రీల జీవితాలను ఏరి ముందుపెట్టి జవాబు చెప్పింది. ఒక్కొక్క జీవితం విడివిడిగా ఉండే పుస్తకమది. ఒకటి ముగించి, మధ్యలో ఇంటిపని చూసుకొని, ఇంకొకటి అందుకోవచ్చు. దాన్ని ఆమె కావాలని ఎంచుకుందో లేదో చెప్పలేం గానీ, తెగి తెగి దొరికే పొద్దులో నిలబడగలిగిన రూపం అదని నాకనిపిస్తుంది.

ఆమె కథల సంగతీ అంతే. ‘ధనత్రయోదశి’ 1902లో స్త్రీల పత్రిక ‘హిందూ సుందరి’లో వచ్చింది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటిది కనుక తొలి కథ ఎవరిదన్న చర్చ చాలా జరిగింది. నన్ను పట్టుకున్నది వేరే విషయం. పండగపూట పేదరికంలో ఉన్న భర్త యజమాని సొమ్ము తీసుకొస్తే, భార్య దాన్ని ఇంట్లో ఉంచనివ్వదు, తిరిగి ఇప్పిస్తుంది. లక్ష్మీపూజ నాడు లక్ష్మిని ఎలా పిలవాలో తేల్చేది ఆ ఇల్లాలి నీతి. విశ్వాసాన్ని వదలకుండానే దాని అర్థం చెప్పే అధికారాన్ని అచ్చమాంబ స్త్రీ చేతికిచ్చింది.

ఆ కథ అచ్చైన 1902లోనే మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. తర్వాత ఊరూరా తిరిగి సమాజాలు పెట్టించింది. రత్నమాలలో వేదపురాణ కాలాల స్త్రీలు, విదేశీ స్త్రీలు ఇంకా రావలసి ఉన్నారు. 1905 జనవరిలో, ముప్పై ఏళ్ళకే, ఆమె పోయింది. ప్లేగు రోగులకు సేవచేస్తూ ఆ జబ్బే సోకిందంటారు. రత్నమాల ఆమె తలపెట్టినట్టు పూర్తికాలేదు.

ఈ మరణాన్ని త్యాగమని కీర్తించి ఊరుకోవడం నాకిష్టం లేదు. సేవ చిన్నదని కాదు. ఆమె శరీరానికి కూడా ఒక లెక్క ఉండాలి కదా! స్త్రీ ఎంత మోసిందన్నదే ఆమె గొప్పతనానికి కొలత అయినప్పుడు, ఆమె రాయలేకపోయిన పుస్తకాలు ఎవరి పద్దులో పడతాయి?

అచ్చమాంబ రచనను నిలబెట్టింది ఆమె ఓర్పొక్కటే కాదు. చదువు చెప్పిన మనిషి, ఇంట్లోకొచ్చిన పుస్తకాలు, అచ్చువేసే పత్రిక, చదివే స్త్రీలు, కూడే సమాజం ఇవన్నీ ఉన్నాయి. లేనిది విశ్రాంతి. నూట ఇరవై ఏళ్ళ తర్వాత మొదటివన్నీ మనలో చాలామందికి ఎంతో కొంత దొరికాయి. విశ్రాంతిని మాత్రం ఇంకా అడగడానికే సిగ్గుపడుతున్నాం. ‘అన్నీ ఎలా చేసుకుంటావమ్మా?’ అని మెచ్చుకునేవాళ్ళని, అందులో ఏ పని మీరు తీసుకుంటారని అడగడం మొదలుపెడదాం.