చచ్చిన చేప - బతికిన చేప

మనవాళ్ళకి చేప అనగానే గుర్తొచ్చేవి రెండే. ఒకటి పులుసు, రెండోది మత్స్యావతారం. అది నీళ్ళలో ఎలా మసులుతుందో, ఏం తిని బతుకుతుందో జాలరివాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి ఎందుకు పట్టింది చెప్పండి!

ఆ వింత నలుగురికీ చూపించాలని ఒకప్పుడు చెన్నపట్నంలో పెద్ద ప్రయత్నమే జరిగింది.

ఎడ్గార్ థర్‌స్టన్ 1885లో ఎగ్మూరు మ్యూజియానికి సూపరింటెండెంటుగా వచ్చాడు. దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేసిన దొరగానే ఆయన మనకి పరిచయం. కానీ ఆయనకి సముద్రమన్నా అంత ఇష్టమూ ఉంది. రామేశ్వరం తీరాన తిరిగి ముత్యపు చిప్పల గురించి, శంఖాల గురించి, నీళ్ళడుగున బతికే రకరకాల ప్రాణుల గురించి రాశాడు.

అయితే మ్యూజియంలో చేప అంటే ఏమిటి? సీసాలో స్పిరిట్లో మునిగి, రంగు వెలిసిపోయి, కళ్ళు తేలేసిన చేప! చెన్నపట్నం జనం మామూలువాళ్ళు కారు. మ్యూజియానికి 'చచ్చిన కాలేజీ' అనీ, జూకి 'బతికిన కాలేజీ' అనీ పేర్లు పెట్టేశారు.

మన తీరపు చేపల్ని ప్రాణంతో చూపాలంటే సముద్రం పక్కనే ఉండాలి కదా. అందుకని మెరీనా ఒడ్డున మ్యూజియంవాళ్ళు ఉప్పునీళ్ళ అక్వేరియం కట్టించారు. థర్‌స్టన్ హయాంలో మొదలైన ఆలోచన, ఆయన ఉద్యోగం విరమించాక 1909లో ఫలించింది. దేశంలో జనం కోసం తెరిచిన అక్వేరియం అదే మొదటిది. బీచికి షికారొచ్చినవాళ్ళు గాజుకి ముక్కు ఆనించి, బంగాళాఖాతాన్ని లోపలినుంచి చూశారన్నమాట. తర్వాత అది చేపల శాఖవారి చేతికి వెళ్ళింది.

ఇంతలో యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపానువాళ్ళ బాంబులు పడ్డాయి. చెన్నపట్నంలో జనం మూటాముల్లే సర్దుకుని రైళ్ళెక్కారు. బాంబులకి బోనులు బద్దలై ఊరిమీద పడతాయేమోనని, జూలో పులుల్నీ సింహాల్నీ కాల్చేశారు. అక్వేరియాన్నీ ఆ ఏడే మూసేశారు. యుద్ధమైతే ఆగింది గానీ, ఆ తలుపులు మళ్ళీ తెరుచుకోలేదు.

చచ్చిన కాలేజీ మాత్రం చెక్కుచెదరలేదు. మంగుళూరు తీరానికి కొట్టుకొచ్చిన తిమింగలం ఎముకలు ఇప్పటికీ అక్కడ చూడొచ్చు.

ఎముకలకేం, దుమ్ము దులిపితే చాలు, ఎన్ని యుద్ధాలైనా చూస్తాయి. బతికున్న చేపకి అలా కాదు. పూటపూటా నీళ్ళు మార్చి, మేత వేసే మనిషి కావాలి. ఆ మనిషి ఊరు విడిచి రైలెక్కిన రోజున చేప ఏ రైలెక్కుతుంది?