సికిల్‌సెల్ ఎనీమియా: పెద్దవారిలో గుండె సమస్యలు

పుట్టుకతో వచ్చే ఈ రక్తవ్యాధి తాడేపల్లిగూడేనికి ఉత్తరాన బుట్టాయగూడెం మన్యంలోని కోయ కుటుంబాల్లోనూ కనిపిస్తుంది. భారతదేశంలో దీన్ని 1952లో నీలగిరుల గిరిజనుల్లో గుర్తించారు.

మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే, కొడవలిలా వంగిన కణం 10–20 రోజుల్లోనే చితికిపోతుంది. అందులోంచి బయటపడ్డ హిమోగ్లోబిన్ రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను హరిస్తుంది. ఊపిరితిత్తుల ధమనుల్లో పీడనం పెరిగి గుండె కుడిభాగం అలసిపోతుంది. రక్తలేమిని పూడ్చడానికి ఏళ్ల తరబడి ఎక్కువ రక్తం తోడిన ఎడమ జఠరిక పెద్దదై బిరుసెక్కుతుంది. మెట్లెక్కితే ఆయాసం, కాళ్లవాపు వస్తే ‘రక్తం తక్కువ’ అని సరిపెట్టుకోవడం ప్రమాదకరం. గుండె ఎకో పరీక్షలో ట్రైకస్పిడ్ కవాటం వద్ద వెనక్కి చిమ్మే రక్తవేగం సెకనుకు 2.5 మీటర్లు, ఆపైన ఉంటే ముప్పు ఎక్కువ.

హైడ్రాక్సీయూరియా అనే మందు కణాలు వంగడాన్ని తగ్గిస్తుంది. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్లలోపువారికి రక్తపరీక్షలు చేస్తోంది. వ్యాధి తేలిన పెద్దలందరికీ ఎకో కూడా చేయాలి.