చోడవరం ప్రాంతంలో పిల్లల సెలవుల ప్రకృతి ఆటలు

బడి లేని రోజుల్లో ఆకులు, కాయలు, కర్రలు, మట్టితో పిల్లలు సొంతంగా తయారుచేసుకునే ఆటవస్తువులూ, ఆరుబయట చేసే పనులూ ఈ వ్యాస విషయం. చోడవరం 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్విభజనతో ఈ మండల కేంద్రం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. మాడుగుల వైపు తూర్పు కనుమలు, శారదా నది, చెరకు పొలాలు, గట్ల మీద తాటిచెట్లు – పిల్లల ఆటలకు కావలసిన సరంజామా అంతా ఇక్కడే దొరుకుతుంది. ఏ ఆట ఎప్పుడు ఆడాలో చెట్టే నిర్ణయిస్తుంది. సెలవులు మారితే ఆటవస్తువూ మారుతుంది.

వేసవి

ఆంధ్రప్రదేశ్‌లో 2025 వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు ఇచ్చారు. తాటిముంజెలు గెలలుగా దిగే కాలమూ ఇదే. అందుకే వేసవి ఆటల్లో తాటిచెట్టుదే పెద్దపీట.

ముంజెలు తినేశాక మిగిలిన కాయలు రెండు తీసుకుని, మధ్యలో గట్టి పుల్ల గుచ్చితే చక్రాలూ ఇరుసూ సిద్ధం. పంగ ఉన్న పొడవాటి కర్రను ఇరుసుకు ఆనించి, దాన్ని నెట్టుకుంటూ పరుగెత్తుతారు. ఒక కాయ పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే బండి తిన్నగా పోదు, చిన్న కాయ వైపే తిరిగిపోతుంది. అందుకని పిల్లలు కుప్పలో వెతికి వెతికి సరిజోడు ఏరుకుంటారు. కాయలు ఎండి ముడుచుకుపోతే మళ్లీ కొత్త బండి కట్టుకోవలసిందే.

తాటాకు గాలిపంకా ఇంతకంటే నేర్పుతో కూడిన పని. జానెడు ఆకుపట్టీ కోసి, కొసలు రెంటినీ చెరోవైపుకు మెలితిప్పి, నడిమధ్యన తుమ్మముల్లు గుచ్చి పుల్లకు బిగిస్తారు. గాలికి ఎదురు పరుగెడితే గిర్రున తిరుగుతుంది. కొసలు రెండూ ఒకే పక్కకు వాలినా, ముల్లు చుట్టూ రంధ్రం బిగుతుగా ఉన్నా కదలదు. విప్పి, సరిచేసి, మళ్లీ పరుగెత్తాలి. చిన్న వయసులోనే చేతికి ఇంత యంత్రశాస్త్రం నేర్పే వస్తువు బజారులో కొన్న బొమ్మల్లో అరుదు. కొబ్బరాకుతో బూర, కళ్లజోడు, చేతి గడియారం చేసుకుంటారు. ఇవి కాక కోతికొమ్మచ్చి, చింతపిక్కల ఆట తెలుగునాడంతటా ఉన్నవే.

దసరా, సంక్రాంతి

వానాకాలంలో గిజిగాళ్లు తాటాకుల కొసలకు గూళ్లు అల్లుతాయి. మగపిట్టే గడ్డిపరకలూ వరి ఆకులూ పీలికలుగా చీల్చి తెస్తుంది. గూడు పూర్తయ్యేసరికి అది అయిదు వందల సార్ల దాకా తిరుగుతుందని అంచనా. పిల్లలు పెరిగి ఎగిరిపోయాక రాలిన గూళ్లు దసరా సెలవుల నుంచి గట్ల మీద దొరుకుతాయి. అలాంటి గూడును నెమ్మదిగా విప్పి ముడులు ఎలా పడ్డాయో చూడటం, తర్వాత తాటాకుతో బుట్ట అల్లబోవడం సెలవుల్లో చేయదగ్గ పనుల్లో మేలైనది. చెట్టున వేలాడే గూటిని మాత్రం ముట్టుకోకూడదు.

సంక్రాంతికి పిల్లల చేతి పని భోగి పిడకలు. ఆవుపేడను చిన్న బిళ్లలుగా తట్టి, మధ్యలో వేలితో రంధ్రం చేసి, ఎండబెట్టి, దండగుచ్చి భోగిమంటలో వేస్తారు. రంధ్రం పచ్చిగా ఉన్నప్పుడే చేయాలి, ఎండాక చేయబోతే పిడక పగులుతుంది. చెరకు గానుగలు ఆడే రోజులు కూడా ఇవే. వేడి బెల్లం రుచి చూపించి, రసం పాకమై గట్టిపడే వైనం పిల్లలకు దగ్గరుండి చూపవచ్చు, పెనం దరికి వెళ్లనీయకుండా.

రంగులు

జిల్లాలోనే వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేస్తారు. గింజలు, బెరళ్లు, వేర్ల నుంచి తీసిన రంగులు వీటికి పేరు తెచ్చాయి. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజ రంగుల వాడకాన్ని నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ విద్యలో మొదటి పాఠం ఇంటి పెరట్లోనే మొదలుపెట్టవచ్చు. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుంది. శంఖుపువ్వులు నానబెట్టిన నీలి నీళ్లలో నిమ్మరసం పిండితే గులాబీ వన్నెకు మారతాయి. ఈ నీళ్లతో కాగితం మీద బొమ్మలు వేయించవచ్చు.

జాగ్రత్తలు

వేసవిలో ఆటలు ఉదయం ఎండ ముదరకముందు, సాయంత్రం నీడ పడ్డాక ఉండాలి. చెరకు తోటల్లోకి పిల్లలను ఒంటరిగా పంపకూడదు. ఆకు అంచులు చర్మాన్ని కోస్తాయి, ఎలుకల కోసం వచ్చే నాగుపాము, రక్తపింజర అక్కడ తిరుగుతాయి. పాము కరిస్తే కట్లు బిగించడం, గాటు పెట్టడం చేయకుండా, కరిచిన కాలు లేదా చెయ్యి కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏటి ఇసుకలో గూళ్లు కట్టించేటప్పుడు ఇసుక తవ్విన గుంటలు ఎక్కడున్నాయో పెద్దవాళ్లు ముందుగా చూసుకోవాలి. పైకి మోకాలి లోతుగా కనిపించే నీటి అడుగున అవి నిలువెత్తు లోతు ఉంటాయి.