గుణించకూడని రెండు అంకెలు

నాచు నుంచి ఇంధనం తీయవచ్చన్న వాదన ఎప్పుడు పైకి లేచినా రెండు అంకెల మీదే నిలబడుతుంది. కొన్ని సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి ఆననంత చిన్న నాచు రకాలు, ఒక్క రోజులోనే రెట్టింపవుతాయి. కొన్నిటి ఎండు బరువులో సగానికి పైగా నూనె ఉంటుంది. రెండూ ప్రయోగశాలల్లో తేలిన నిజాలే. చిక్కంతా వాటిని గుణించడంలో ఉంది. ఆ గుణకారం చేస్తే ఎకరా మడుగు ముందు ఎకరా సోయా చేను వెలవెలబోతుంది, పత్రికలకు ఒక శీర్షిక దొరుకుతుంది, పెట్టుబడిదారుడికి ఆశ పుడుతుంది. అయితే ఒకే జీవిలో ఒకే సమయంలో ఆ రెండు అంకెలూ నిజం కావని అమెరికా ప్రభుత్వ పథకమొకటి 1978 నుంచి 1996 దాకా పనిచేసి, సుమారు 2.5 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి తేల్చింది. 1998లో దాన్ని అచ్చువేసింది కూడా. ఆ తర్వాత పదేళ్లకే అదే గుణకారం మళ్లీ మొదలైంది.

1973 నాటి చమురు సంక్షోభం తెచ్చిన భయం నుంచి పుట్టిన ఆ పథకం పేరు ‘అక్వాటిక్ స్పీసీస్ ప్రోగ్రామ్’. కొలరాడో రాష్ట్రంలోని గోల్డెన్ పట్టణంలో ఉన్న సౌరశక్తి పరిశోధనా సంస్థ దాన్ని నడిపింది. పరిశోధకులు సముద్ర తీరాల్లో, ఎడారి ఉప్పు కుంటల్లో వెతికి 3,000కు పైగా రకాలు సేకరించారు. వడపోయగా సుమారు 300 మిగిలాయి. నత్రజని అందకుండా చేస్తే శైవల కణంలో నూనె పెరుగుతుంది. గాజులాంటి సిలికా పెంకు కట్టుకునే డయాటమ్‌లకు సిలికా ఆపినా అంతే. కానీ పస్తున్న కణం విభజన మానేస్తుంది. కరువు వస్తుందని తెలిసి దాచుకునే జీవి పిల్లల్ని కనదు కదా! నూనె శాతం పెరిగింది గానీ, రోజుకు మడుగు మొత్తం మీద దిగే నూనె పెరగలేదు. అప్పుడు జన్యువుల వైపు తిరిగారు. కొవ్వు తయారీలో మొదటి మెట్టుగా పనిచేసే ఎంజైమ్ జన్యువును సైక్లోటెల్లా క్రిప్టికా అనే డయాటమ్ నుంచి వేరుచేసి, అదనపు ప్రతులు మళ్లీ దానిలోకే ఎక్కించారు. డయాటమ్‌లో అలాంటి జన్యుమార్పిడి అదే మొదలు. ఎంజైమ్ పని రెండు మూడు రెట్లు పెరిగింది. నూనె మాత్రం పెరగలేదు. ఒక్క మీట నొక్కితే దారికొచ్చే వ్యవస్థ కాదది.

ఆరుబయట లెక్క ఇంకా కఠినం. న్యూమెక్సికోలోని రాస్వెల్ దగ్గర ఒక్కొక్కటి 1,000 చదరపు మీటర్ల చొప్పున రెండు కోల మడుగులు కట్టారు. మన రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరిగినట్టు తెడ్ల చక్రాలు నీటిని తిప్పుతుంటాయి. లోపలికి పంపిన కార్బన్ డయాక్సైడ్‌లో 90 శాతానికి పైగా శైవలం తీసుకోవడం నిజంగా మెచ్చుకోవాల్సిన ఫలితం. కొన్ని రోజుల్లో చదరపు మీటరుకు రోజుకు 50 గ్రాముల దిగుబడి కూడా వచ్చింది. కానీ ఎడారి రాత్రుల చలికి సగటు సుమారు 10 గ్రాముల దగ్గరే ఆగిపోయింది. పైగా ప్రయోగశాల నుంచి తెచ్చిన మేలురకాలను పక్కకు నెట్టి, గాలివాటున వచ్చిన స్థానిక నాచు మడుగును ఆక్రమించేది. పెరిగిన నాచును నీటి నుంచి విడదీయడం మరో ఖర్చు. లీటరుకు అర గ్రాము నాచు ఉందనుకుంటే, టన్ను ఎండు నాచుకు 2,000 టన్నుల నీటిని వడకట్టాలి. అన్నీ అనుకూలంగా ఊహించుకున్నా ఈ ఇంధనం ఖరీదు అప్పటి పెట్రోలియం డీజిల్‌కు రెట్టింపు ఉంటుందని 1998 నివేదిక రాసింది.

చమురు చవకైంది కాబట్టే పథకం మూతపడింది, లేకుంటే ఈపాటికి ఫలించేదని చాలామంది అంటారు. ఇందులో సగం నిజముంది. 1986లో ముడిచమురు ధర కుప్పకూలడం, ఆ తర్వాత నిధులు తగ్గడం చరిత్రే. సేకరించిన రకాల్ని హవాయి విశ్వవిద్యాలయానికి అప్పగించాక చాలా భాగం పోషణ లేక నశించడం మాత్రం క్షమించరాని నిర్లక్ష్యం. కానీ చౌక చమురే అసలు అడ్డంకి అయితే, 2008లో బ్యారెల్ 147 డాలర్లు తాకినప్పుడు అది తొలగిపోవాలి. డబ్బుకు అప్పుడు కొదవ లేదు. 2009లో ఎక్సాన్‌మొబిల్ సంస్థ, జన్యు శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ స్థాపించిన సింథటిక్ జినోమిక్స్‌తో కలిసి 60 కోట్ల డాలర్ల దాకా వెచ్చిస్తామని ప్రకటించింది. 2013 నాటికే మళ్లీ మౌలిక పరిశోధనకు వెనుదిరగాల్సి వచ్చింది. 2017లో నానోక్లోరోప్సిస్ రకంలో ఒక నియంత్రణ జన్యువును సవరించి, ఎదుగుదల పెద్దగా తగ్గకుండానే నూనెను రెట్టింపు చేశామన్నారు. నా వాదనకు ఇదే గట్టి అభ్యంతరం. నూనె పెరిగితే ఎదుగుదల ఆగుతుందన్న ఆ ముడి ప్రయోగశాలలో కొంత సడలిందన్నది ఒప్పుకోవాలి. కానీ చలి, చొరబాటు నాచు, వడకట్టాల్సిన నీరు ఆ జన్యువుకు లొంగేవి కావు. 2025 నాటికి రోజుకు 10,000 బ్యారెళ్లు తీయగల స్థాయికి చేరతామని 2018లో చెప్పిన కంపెనీ 2023లో ఈ రంగం నుంచి తప్పుకుంది.

పెట్రోలియం పుట్టింది ప్రాచీన సముద్రాల సూక్ష్మజీవుల నుంచే కదా అని ఇంకో మాట వినిపిస్తుంది. అవును, కోట్ల సంవత్సరాలు పట్టింది. అప్పుడు వడపోత ఖర్చు ఎవరూ భరించనక్కర్లేదు. ఇంతకంటే ఆలోచించాల్సిన దారి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం ఓస్వాల్డ్, క్లారెన్స్ గోలూకే 1960లోనే చూపారు. ఊరి మురుగునీటిలో నాచు పెంచి, దాన్ని కుళ్లబెట్టి మీథేన్ తీయాలన్నది వారి ఆలోచన. ఇక్కడ నూనె శాతంతో పనిలేదు, కణాన్ని పస్తు పెట్టనక్కర్లేదు. ఏ రకం నాచు మడుగును ఆక్రమించినా పెద్ద నష్టం లేదు, ఎందుకంటే వాయువుగా మారేది కణం మొత్తం. స్పెయిన్ దక్షిణ తీరంలోని చిక్లానాలో ‘ఆల్‌గ్యాస్’ పథకం ఇదే పద్ధతిలో మురుగు శుద్ధి చేసి, వచ్చిన వాయువుతో వాహనాలు నడిపి చూపింది. దీనితో దేశాల ఇంధన అవసరం తీరదు. ఊరి మురుగులో ఎంత నత్రజని ఉంటే అంతే నాచు. కాకపోతే మురుగు శుద్ధికి పట్టణం ఎలాగూ డబ్బు పెట్టాల్సిందే కనుక, మడుగు ఖర్చంతా ఇంధనం నెత్తిన పడదు.