మొటిమలు, చాక్లెట్టు, గ్లాసుడు పాలు

మా అమ్మాయి పదో తరగతికొచ్చాక పాలు మానేసింది. అక్కడితో ఆగితే నాకు పేచీ లేదు, ఈమధ్య పెరుగన్నం కూడా వద్దంటోంది. "పాలూ పెరుగూ తింటే మొటిమలొస్తాయి నాన్నా, అందరికీ తెలుసు" అంటుంది. మా అమ్మేమో "అదంతా ఒంట్లో వేడే, పెరుగు మానేస్తే ఇంకా ఎక్కువౌతాయి" అంటుంది. ఇంటర్లో మొహమంతా మొటిమలతో తిరిగినవాణ్ణి కదా, తీర్పు నన్ను చెప్పమన్నారు. సరే అని చదవడం మొదలెట్టాను.

చదివితే తేలిందేమిటంటే, ఇది పెద్ద కథ. ఒకప్పుడు అమెరికాలో చర్మవైద్యులే చాక్లెట్లు, వేపుళ్ళు, పాలు మానెయ్యమని చెప్పేవారట. కాలిఫోర్నియాలో జెరోమ్ ఫిషర్ అనే డాక్టరు పదేళ్ళపాటు వెయ్యిమందికి పైగా మొటిమల రోగుల తిండి వివరాలు రాసిపెట్టుకుని, పాలమీదే అనుమానమని 1965లో తోటి వైద్యుల సభలో చెప్పాడు. కానీ అది ఏ వైద్యపత్రికలోనూ అచ్చవలేదు. అచ్చవనిది లేనట్టే కదా!

1969లో అచ్చయింది వేరే. ఫుల్టన్, ప్లెవిగ్, క్లిగ్మన్ అనే ముగ్గురు 65 మందికి నాలుగేసి వారాలపాటు ఓసారి చాక్లెట్ బారు, ఓసారి చాక్లెట్ లేని బారు పెట్టారు. మొటిమల్లో తేడా రాలేదు. తిరకాసేమిటంటే, ఆ రెండో బారులో కూడా చక్కెర, కొవ్వు ఇంచుమించు అంతే ఉన్నాయి. రెండు బిల్డుల్లోనూ ఒకే బగ్గు పెట్టి, రెండూ ఒకేలా క్రాషయ్యాయి కాబట్టి అసలు బగ్గే లేదని టికెట్టు మూసేసినట్టు! పైగా దీనికి చాక్లెట్ తయారీదారుల సంఘం సాయం కూడా ఉంది. 1971లో ఇంకొకాయన 27 మంది విద్యార్థులకు చాక్లెట్, పాలు, వేరుశెనగలు, కోలా ఒక్క వారం పెట్టి చూసి, ఏమీ కాలేదన్నాడు. మొటిమ పైకి తేలడానికే వారాలు పడుతుంది మహానుభావా! ఈ రెంటిని పట్టుకుని ముప్పయ్యేళ్ళకు పైగా "తిండికీ మొటిమలకీ సంబంధం లేదు" అని వైద్యులు చెబుతూ వచ్చారు.

టికెట్టు మళ్ళీ తెరుచుకుంది 2002లో. పాపువా న్యూగినీలోని కిటావా దీవిలో 1200 మందిని చూస్తే ఒక్కరికీ మొటిమల్లేవని లోరెన్ కార్డెయిన్ బృందం రాసింది. వాళ్ళు తినేది దుంపలు, పళ్ళు, చేపలు, కొబ్బరి. అయితే వాళ్ళకి బిస్కెట్లూ లేవు, కూల్‌డ్రింకులూ లేవు, కాబట్టి పాలు ఒక్కదాన్నే దోషిని చెయ్యలేం. 2005లో అచ్చయిన అధ్యయనం కోసం హార్వర్డు వాళ్ళు 47,355 మంది నర్సులను హైస్కూల్లో ఏం తిన్నారని అడిగారు. పాలు ఎక్కువ తాగినవాళ్ళలో మొటిమలు కొంచెం ఎక్కువ, అందులోనూ వెన్న తీసిన పాలతో ఎక్కువ. అంటే దోషం కొవ్వుది కాదేమో. పాలలో ప్రోటీను ఇన్సులిన్నీ, ఐజీఎఫ్-1 అనే హార్మోన్నీ పెంచుతుందనీ, అవి చర్మంలోని నూనెగ్రంథుల్ని రెచ్చగొడతాయనీ ఒక వివరణ. కానీ నడివయసులో కూర్చుని స్కూల్లో ఎన్ని గ్లాసులు తాగామో చెప్పడమంటే... నాకు నిన్నటి లంచే గుర్తుండదు.

2018లో 78,529 మంది లెక్కలు కలిపి చూస్తే పాలపదార్థాలు తినేవాళ్ళలో అవకాశం 1.25 రెట్లు. పెరుగుకి 1.36, అమ్మాయి ఇది చూసి ఎగిరి గంతేసింది. 2019లో ఇంకో విశ్లేషణ పెరుగు మీద కేసు నిలవదంది, దానికి మా అమ్మ గంతేసింది :). 2024లో అమెరికా చర్మవైద్యుల అకాడెమీ, పాలు తగ్గించమనో వద్దనో సిఫార్సు చెయ్యడానికి ఆధారాలు చాలవని తేల్చేసింది. అరవయ్యేళ్ళ తర్వాత!

ఇక తీర్పు: పాలు మూణ్ణెల్లు బందు, పెరుగన్నం మాత్రం ఉంటుంది, నెలకో ఫొటో తీసి పోల్చుకోవాలి. ఒక్క మొహంతో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు. అమ్మాయి ఒప్పుకుంది. మా అమ్మ మాత్రం పొద్దున్నే గ్లాసుడు పాలు అలవాటుగా టేబుల్ మీద పెడుతూనే ఉంది. ప్రస్తుతానికి అవి నేను తాగుతున్నాను.